బావ ఎక్కిన విమానం

చార్టర్ విమానం దిగే షావుకారు పైలట్ మొహం చూడడు. ముందు మెట్టు మీద తన కాలు ఎక్కడ పడుతోందో చూసుకుంటాడు, తర్వాత తనకోసం ఎవరెవరొచ్చారో చూసుకుంటాడు. అంతే. ఈ సంగతి కెప్టెన్ శ్రీనాథ్‌కు కొలువులో చేరిన మొదటి వారంలోనే తెలిసిపోయింది. అయినా ఇంజన్లు ఆపగానే సీటులోంచి లేచి, నడుము సగానికి వంచుకొని వెనక్కి వచ్చి, తలుపు తీసి, మెట్లు దించి, టోపీ సర్దుకొని పక్కన నిలబడతాడు. ఆరు సీట్ల జెట్టు అది. లోపల నిటారుగా నిలబడే మనిషి ఇంకా పుట్టలేదు. బయట నిలబడొచ్చు గాని, అక్కడ షావుకార్లుంటారు.

ఆ బుధవారం పొద్దున ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో దిగినవాడు సుధాకర్. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులున్నవాడు. కొత్తగా నూనె మిల్లు కట్టాడు, ఉగాది వెళ్ళిన వారంలోనే దాన్ని తెరుస్తున్నాడు. హైదరాబాదు నుంచి కారులో వస్తే కారులో వచ్చాడంటారు, అందుకని జెట్టు మాట్లాడుకున్నాడు. కార్ల దగ్గర దండలు పట్టుకొని నిలబడినవాళ్ళకు పైలట్‌ను చూపించి, "ఈయప్పెవరనుకున్నారు? మా డ్రైవరు. మీద తోలే డ్రైవరు. మనోడేలే, యెమ్మిగనూరు మగ్గాలోల్ల పిల్లగాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నలభై దాటిన ఆ పిల్లగాడూ నవ్వాడు.

సుధాకర్ వెంట తిరిగే నరసన్న రెండు సూట్‌కేసులు తెచ్చి శ్రీనాథ్ కాళ్ళ దగ్గర పెట్టి ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. వాటిని కార్ల దాకా మోసింది కెప్టెనే. భుజాల మీది నాలుగు బంగారు పట్టీలు ఎండలో మెరుస్తూనే ఉన్నాయి, వాటికేం సిగ్గు.

"రేపు పొద్దున్నే పోదాం. రెడీగా ఉండు," అన్నాడు సుధాకర్ కారెక్కుతూ.

"ఎన్ని గంటలకు సార్?"

"నేనొచ్చిందే టైము."

కార్లు వెళ్ళాక అసలు పని మొదలైంది. సీట్ల సందుల్లోంచి జీడిపప్పు ముక్కలు ఏరాలి. తోలు సీట్ల మీద తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ. తివాచీకి బ్రష్షు కొట్టి నూగంతా ఒకే పక్కకు పడుకోబెట్టాలి. ఒక పాదం గుర్తు కనబడినా విమాన కంపెనీకి ఫిర్యాదు పోతుంది. మరుగుదొడ్డి బకెట్టు తీసి కడిగి పెట్టాలి. కోపైలట్ మౌనికది ఆ రోజు బకెట్టు వంతు. ముక్కుకు గుడ్డ కట్టుకొని దిగుతూ, "మా అమ్మ మా వీధంతా చెప్పుకుంటోంది సార్, మా పిల్ల జెట్టు నడుపుతుందని. బకెట్టు సంగతి నేనింకా చెప్పలేదు," అంది.

"చెప్పొద్దులేమ్మా. మా అక్కకు నేనూ చెప్పలేదు."

ఇంజన్లకు ఎర్ర మూతలు తొడిగి, చక్రాలకు అడ్డాలు పెట్టి, ఇద్దరూ రెక్క నీడలో కూలబడ్డారు. ఈ కొలువులో గాల్లో ఉండేది అరగంట, గంట. మిగతాదంతా కాచుకోవడం. ఏ క్షణమైనా ఫోను రావచ్చు, వచ్చిన క్షణమే బయలుదేరాలి. కాబట్టి స్నానానికి పోయినా ఫోను కిటికీలో పెట్టుకొని పోవాలి. మౌనిక కర్నూలు హోటలుకు వెళ్ళింది. శ్రీనాథ్ యెమ్మిగనూరులో అక్క ఇంటికి పోయాడు.

*

అక్క మల్లేశ్వరి గడపలోనే ఎదురైంది. తమ్ముణ్ణి చూసి సంతోషపడకుండా లోపలికి వేలు చూపింది. "మీ బావకు నువ్వన్నా సెప్పుప్పా. నా మాట ఇనేటట్టు లేడు."

ఈరప్ప మగ్గం గుంతలో కాళ్ళు దించుకొని కూర్చొని ఉన్నాడు. ఎడమ కన్ను మీద తడిగుడ్డ, దాని చుట్టూ విభూతి ఎండి పెచ్చులు కట్టింది. పడుగులో ఒక పోగు తెగింది. దాన్ని అతకడానికి తల ఒక పక్కకు వాల్చి తడుముతున్నాడు. పక్క పోగు చేతికొచ్చింది. దాన్ని వదిలి మళ్ళీ తడిమాడు. ఈసారి అదీ తెగింది.

"కైరుప్పలకు పోయింటివా బావా?"

"పోకుంటే ఎట్ల? మా మేనమామ ఊరు. ప్రతేడూ పోయేదే గదా."

ఉగాది మరునాడు కైరుప్పలలో ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రస్వామికీ కాళికమ్మకూ పెళ్ళి దగ్గర వచ్చిన తగవది; స్వామి పక్షం కొందరు, అమ్మవారి పక్షం కొందరు. దెబ్బ తగిలినవాడు గుడికి పోయి గాయానికి విభూతి పూసుకుంటాడు. నెత్తి పగిలినా, ముక్కు పగిలినా అదే మందు. మూడోనాటికి తగ్గిపోతుందంటారు. నెత్తికీ ముక్కుకూ తగ్గుతుందేమో. ఈరప్పకు ఎండిన పిడక అంచు కంట్లో తగిలింది, అతనూ విభూతే పూసుకున్నాడు.

"నొప్పుందా?"

"నొప్పి పోయింది శీనా. స్వామి దయ. గాని ముక్కు పక్క నుంచి నల్లగా పరద దిగుతాండాది. నిన్న ఇంతుండె." వేలి మీద ఒక కణుపు చూపాడు. "ఇయ్యాల ఇంతైంది." రెండు కణుపులు.

శ్రీనాథ్ గుంత అంచున చతికిలబడ్డాడు. ఏటేటా వైద్య పరీక్షకు పోయే పైలట్లకు కన్నే తమ అన్నమని తెలుసు. నేతగాడికి వేరే చెప్పాలా? "లే బావా. ఆదోనికి పోదాం."

"ఈ చీర దించి పోదాంలే. ఇంగ మూరెడే ఉంది."

"లెయ్యి," అంది మల్లేశ్వరి. "అమాస నాడు తప్ప గుంతలోనుంచి లెయ్యవు. ఈ పొద్దు అమాసే అనుకో."

*

ఆదోనిలో కంటి డాక్టరు హేమలత చాలాసేపు లైటు వేసి చూసింది. ఈరప్ప కంటికి కట్టు కట్టి బయట కూర్చోబెట్టి తమ్ముణ్ణీ అక్కనూ లోపలికి పిలిచింది. కంటి వెనక పొర చిరిగింది, గోడ నుంచి పెళ్ళ ఊడినట్టు ఊడి వస్తోంది. ఇంకా నడిమధ్య చూపు దాకా రాలేదు. అక్కడికి రాకముందే అతికించాలి. ఆ ఆపరేషన్ ఇక్కడ కాదు, హైదరాబాదు పోవాలి.

"ఎప్పుడు పోవల్ల మేడమ్?"

"నన్నడిగితే ఇప్పుడే."

"కుదుపు తగలొచ్చా?"

"తగలకుంటే మంచిదే. కాని కుదుపు కంటే ఆలస్యం చెడ్డది."

ఆ రెండు మాటల్లో మొదటిదే శ్రీనాథ్ చెవికెక్కింది. మనిషికి తనకు పనికొచ్చే మాటే వినబడుతుంది. బయటికి రాగానే మల్లేశ్వరి, "సాయంత్రం బస్సుందంట, పట్టుకుందాం పా," అంది.

"గుంతల రోడ్ల మీద ఎందుకక్కా? రేపు పొద్దున మా విమానం పోతాండాది. సీట్లు ఖాళీ. అరగంట. బావ కునుకు తీసేలోపల దిగిపోతాం."

"మీ విమానమా, మీ షావుకారుదా?"

"అడుగుతాను. ఆయన ఊ అంటే సాలు, పేర్లు రాసుకుంటారు."

ఇన్నేళ్ళ కొలువులో శ్రీనాథ్ తనవాళ్ళను ఒక్కరినీ ఎక్కించలేదు. షావుకార్లను దించి తిరుగు ప్రయాణంలో ఆరు సీట్లూ ఖాళీగా ఎన్నోసార్లు తీసుకుపోయాడు. ఆ ఖాళీ సీట్లకు కూడా నడుము పట్టీలు బిగిస్తాడు, ఊగకుండా. ఆ పొద్దు మాత్రం అతని మనసులో బావ ఆ తోలు సీటులో కూర్చున్నాడు, అక్క కిటికీలోంచి తుంగభద్రను చూసింది. ఇక బస్సు మాట తలకెక్కలేదు.

సుధాకర్ పాత మిల్లులోనే ఉన్నాడు. పత్తి గింజలు తీసే జిన్ను ఆడుతోంది. దూది పొగలా లేచి అందరి కనుబొమల మీదా వాలుతోంది. బేరగాళ్ళ మధ్య బల్ల మీద ముగ్గురూ చాలాసేపు కూర్చున్నారు. ఈరప్ప తల వంచుకొని, ధూళి పడకుండా కంటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. వంతు వచ్చాక శ్రీనాథ్ టోపీ చేత్తో పట్టుకొని చెప్పాడు. సుధాకర్ కసురుకుంటాడేమోనని భయపడ్డాడు గాని, కసురుకోలేదు.

"ఓస్, ఇంతేనా? దానికి అడుగుతావేందప్పా. తీసుకొని రా." తర్వాత గొంతు పెంచి చుట్టూ ఉన్నవాళ్ళతో, "మా పైలట్ బావంట. నేతపని సేసుకునే మనిషి. కన్ను పోతాందంట. మన విమానంలో తీసుకపోతాండాం. మనిషికి మనిషి గాక ఎవురు?" అన్నాడు.

"ఫొటో తీద్దామన్నా," అన్నాడు నరసన్న.

ఈరప్పను దూది కుప్ప ముందు నిలబెట్టారు. సుధాకర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. నరసన్న ఫోనులోంచి చూసి, "కట్టు కనబడల్లప్పా, ఇట్ల తిరుగు," అన్నాడు. తిప్పుకున్నాడు. "తువ్వాల తీసెయ్." తీసేశాడు. "కొంచెం బాధగా చూడు." ఈరప్పకు బాధ ఉంది గాని, దాన్ని ఫొటోకు ఎలా పెట్టాలో తెలియలేదు. అందుకని నవ్వాడు. మూడుసార్లు తీయాల్సి వచ్చింది.

బయట వీధిలోకి వచ్చాక, "నేను నవ్వకుంటే సరిపోయిండేదేమో," అన్నాడు ఈరప్ప తప్పు చేసినవాడిలా.

*

గురువారం పొద్దు పొడిచేసరికి ముగ్గురూ ఓర్వకల్లులో ఉన్నారు. మల్లేశ్వరి సద్దిమూట, ఒక దుప్పటి, రెండు జతల బట్టలు తెచ్చింది. వాళ్ళిద్దరినీ ఎయిర్‌పోర్టు బయటి బెంచీ మీద నీడలో కూర్చోబెట్టి శ్రీనాథ్ లోపలికి పోయాడు. ఎర్ర మూతలు తీశారు. ఐసు పెట్టెలో సోడాలు సర్దారు. సుధాకర్ చదివినా చదవకపోయినా పేపర్లు మడత నలగకుండా సీటు మీద పెట్టారు. మెట్ల ముందు ఎర్ర గుడ్డ పరిచి గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. తర్వాత కెప్టెన్ మెట్లకు ఒక పక్క, మౌనిక ఒక పక్క.

పొద్దెక్కింది. ఎవరూ రాలేదు. ఫోను చేస్తే నరసన్న, "అన్న పూజలో ఉన్నాడు," అన్నాడు. మరికాసేపటికి, "టిఫిన్ చేస్తాన్నాడు." ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. కంపెనీ వాళ్ళకు చేస్తే, "కస్టమరు ఇష్టం కెప్టెన్. మీరు మాత్రం విమానం దగ్గర్నుంచి కదలొద్దు," అన్నారు. రన్‌వే మీద ఎండమావులు లేచాయి. లోపలి సీట్లు పెనం మాదిరి కాలాయి. ఐసు కరిగి పెట్టె అడుగున నీళ్ళు ఊగుతున్నాయి.

మధ్యాహ్నం నరసన్నే చేశాడు. "ఈ పొద్దు గురువారం గదప్పా. ఇప్పుడు రాహుకాలం. అది దాటినాక బయలుదేరుదామంటాండాడు అన్న."

"నరసన్నా, మా బావ కన్ను..."

"రాహుకాలంలో పోతే ఆ కన్ను వస్తాదా చెప్పు?"

శ్రీనాథ్ బయటి బెంచీ దగ్గరికి నడిచాడు. ఈరప్ప చొక్కా గుండీ దాకా గడ్డం ఆనించి కూర్చున్నాడు. భార్య ముద్ద కలిపి చేతిలో పెడుతుంటే తింటున్నాడు. శ్రీనాథ్ అడగకముందే చెయ్యి చూపించాడు. మూడు కణుపులు దాటింది.

"రాహుకాలం దాటినాక వస్తాడంట అక్కా."

మల్లేశ్వరి మిగిలిన ముద్ద కుక్కకు వేసి చెయ్యి కడుక్కుంది. గిన్నె మూటలో కట్టింది. దుప్పటి మడిచింది. ఏ పనీ తొందరగా చెయ్యలేదు, ఏదీ ఆపలేదు.

"యాడికి?"

"రోడ్డు మీదికి. ఆటో పట్టుకొని కర్నూలుకు, కర్నూల్లో బస్సు. అది రాహుకాలమైనా పోతాది, యమగండమైనా పోతాది."

"ఇంగ కొంచేపు సూడక్కా. విమానమైతే అరగంటే..."

"పొద్దన్నుంచి వింటాండా ఆ అరగంట. పొద్దున్నే బస్సెక్కింటే ఈ పాటికి ఆసుపత్రిలో ఉందుము." ఆమె తమ్ముడి మొహం కేసి చూసింది. "సరే, నువ్వూ రా. కుదుపుకు ఆయప్ప తల పట్టుకునేకి ఒకరుండల్ల. నాకు టిక్కెట్లు తీసుకునేది, డాక్టర్లతో మాట్లాడేది ఏం తెలుసు?"

శ్రీనాథ్ విమానం కేసి చూశాడు. ఎర్ర గుడ్డకు ఒక మూల రాయి జారి, గుడ్డ కొట్టుకుంటోంది. మౌనిక వంగి రాయి సర్దుతోంది.

"నేను కదలగూడదక్కా. ఆయన ఏ నిమిషమైనా రావచ్చు."

"గుంతలో కూకున్నోడన్నా అమాస నాడు లేస్తాడు," అంది మల్లేశ్వరి. "నీది ఎంత లోతు గుంతరా శీనా, పైనుంచి సూస్తే కనబడల్యాదు."

ఈరప్ప భార్య మోచెయ్యి పట్టుకొని లేచాడు. "పోనీలేమే. వాని కొలువు వానిది. యాడున్నా అంతా మగ్గమే." కొంచెం దూరం పోయి, తల ఎత్తకుండానే వెనక్కి తిరిగి, "నీ టోపీ బాగుందప్పా," అన్నాడు. వెక్కిరించడానికి అన్న మాట కాదది. అదే మరీ గుచ్చుకుంది.

రాహుకాలం దాటింది. సుధాకర్ రాలేదు. పొద్దు వాలేటప్పుడు నరసన్న ఫోను చేసి, "అన్నకు పనులు తెగల్యాదు, రేపు పోదాం," అన్నాడు. శ్రీనాథ్, మౌనిక కలిసి ఎర్ర గుడ్డ చుట్టి, ఇంజన్లకు మూతలు తొడిగారు. గాలిని మూట కట్టి విప్పినట్టు ఒక రోజంతా గడిచిపోయింది.

*

శుక్రవారం ఎండ ముదిరాక సుధాకర్ వచ్చాడు. వెంట ఇద్దరు బంధువులు, మామిడిపళ్ళ గంపలు. సీట్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. "మీ బావ యాడప్పా?" అన్నాడు మెట్టు మీద ఆగి.

"నిన్ననే బస్సులో పోయినాడు సార్. ఈ పొద్దు తెల్లారి ఆపరేషన్ చేసినారు."

సుధాకర్ మొహం చిన్నబోయింది. "అంత తొందరేమొచ్చింది? నేను మాటిచ్చినాక గూడా బస్సెక్కినాడంటే నా మాటకు ఇలువేముంది?" లోపలికి పోయి కూర్చున్నాడు. అతని సీటు మీద మడత నలగని పేపరు ఉంది. జిల్లా పేజీలో దూది కుప్ప ముందు ఈరప్ప నవ్వుతున్నాడు. నేతన్న కంటి కోసం సొంత విమానం అని పెద్ద అక్షరాలు. కింద రాసింది శ్రీనాథ్ పొద్దున్నే చదివాడు. ఈరప్పను గురువారమే విమానంలో హైదరాబాదు చేర్చినట్టు ఉంది.

సుధాకర్ అది చదివాడు. ఒకసారి పైలట్ వైపు చూశాడు. శ్రీనాథ్ జీడిపప్పు పళ్ళెం పట్టుకొని నడుము వంచి నిలబడి ఉన్నాడు. సుధాకర్ నాలుగు గింజలు తీసుకున్నాడు. గాల్లోకి లేచాక అరగంటలో హైదరాబాదు వచ్చింది. ఆ సంగతి మాత్రం అబద్ధం కాదు.

సూట్‌కేసులు, గంపలు కార్లకు ఎక్కించి, టోపీ తీయడం కూడా మరిచి శ్రీనాథ్ ఆసుపత్రికి పోయాడు. ఈరప్ప మంచం మీద బోర్లా పడుకొని ఉన్నాడు. నుదురు ఒక దిండు మీద, గడ్డం ఇంకో దిండు మీద, మొహం నేలకు. అతికించిన పొర నిలవడానికి కంట్లోకి గ్యాసు ఎక్కించారు. కొన్నాళ్ళు తల దించుకొనే ఉండాలి. తిన్నా, నడిచినా, పడుకున్నా. కన్ను దక్కింది. నడిమధ్య చూపు అంచు దాకా వచ్చి ఆగిందట. ఒక రోజు ముందొచ్చి ఉంటే బాగుండేదన్నారట డాక్టర్లు. రంగులు తెలుస్తాయి. పోగు తెలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట.

ఇవన్నీ మల్లేశ్వరి గోడకు ఆనుకొని చెప్పింది. నిష్ఠూరం ఆడలేదు. "పొద్దన్నుంచి ఊరోల్లు ఒకటే ఫోన్లు. ఇమానం ఎట్లుండె మల్లేశ్వరీ, భయం కాల్యాదా అని," అంది. "పక్కింటి శోభైతే, మాకు ఒక మాటన్నా సెప్పకపోతివి, కండ్లు నెత్తికెక్కెనా అని తిట్టింది."

శ్రీనాథ్ జేబులో ఫోను మోగింది. సుధాకర్. ఇప్పుడు గొంతులో కోపం లేదు.

"ఏంప్పా, మీ బావకెట్లుంది? మంచిది. సూడు, సోమవారం నేను మళ్ళా ఆదోనికి పోతాండా. ఆయప్పను మనతోనే తీసుకపోదాం. మనోల్లు దండలు పట్టుకొని వస్తారు."

"విమానం ఎక్కగూడదు సార్. కంట్లో గ్యాసు ఉంది. మీదికి పోతే అది ఉబ్బుతాది. కన్ను పోతాది."

కుదరదనే మాట సుధాకర్‌కు చెప్పడం అదే మొదలు. అదీ తన మాట కాదు, డాక్టర్లది. అయినా నోటికి రుచిగానే ఉంది.

"అట్లనా... అయితే ఒక పని సెయ్యి. బస్సులోనే రానీ. ఏర్పోర్టు కాడ ముందే వచ్చి ఉండమను. మనం దిగేటప్పుడు మెట్ల కాడికొచ్చి నా పక్కన నిలబడితే సాలు. ఫొటోలో బస్సు కనబడదు గదా."

ఫోను గొంతు పెద్దది. గదిలో అందరికీ వినబడింది. మంచం మీద నుంచి, దిండ్ల మధ్య నుంచి ఈరప్ప అన్నాడు:

"ఊ అనుప్పా. తల దించుకొని నిలబడేదే గదా. డాక్టర్లు సెప్పిందీ అదే."

బావ నవ్వుతున్నాడో లేదో పైనుంచి తెలియదు. శ్రీనాథ్ మంచం పక్కన నేల మీద కూర్చుని, మోచేతి మీద వాలి, కింది నుంచి తల దూర్చి చూశాడు. ఒక కన్నుకు కట్టు. రెండో కన్ను, బాగున్న కన్ను, తననే చూస్తోంది. అందులో నవ్వు లేదు. బామ్మర్ది కొలువు పోకూడదనే భయం ఒక్కటే ఉంది.

"హలో, లైన్లో ఉండావా?" అంటోంది ఫోను.

"రాడు సార్," అన్నాడు శ్రీనాథ్.

"ఏందీ?"

"రాడు."

ఫోను నేల మీద బోర్లా పెట్టాడు. కాసేపటికి అది మళ్ళీ మోగింది. ఈసారి కంపెనీ వాళ్ళే అయివుంటారు. అతను తిప్పి చూడలేదు. నేల చల్లగా ఉంది. తల కింద టోపీ పెట్టుకొని వెల్లకిలా పడుకుంటే బావ మొహం ఎదురుగా వచ్చింది.

"ఊర్లో అడుగుతారు గదా శీనా. నేనేం సెప్పల్ల?"

"బస్సులో పోయినానని సెప్పు బావా."

నేల మీద ఫోను గుడగుడమని కదులుతూ మోగుతూనే ఉంది.

"నమ్మరప్పా," అన్నాడు ఈరప్ప. "పేపర్లో పడింది గదా."